మిషన్ల ట్రైలర్ గుంజడానికి ఏ బండి తీసుకోవాలె? వరంగల్ దిక్కు తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండల జేసీబీ, పొక్లెయిన్ లాంటి మిషన్లు కిరాయికి తిప్పుతున్న కాబట్టి వారంల ఇద్దరు ముగ్గురన్నా ఫోన్ చేసి ఇవే అడుగుతరు. ఒకరికి చెప్పింది ఇంకొకరికి మళ్ళ మొదటినుంచి చెప్పుడైతంది, అందుకే ఒక్కకాడ రాసి పెడుతున్న. ఎవరికి ఏది కావాలంటే అది చదువుకోండి, వరుసగా చదవాల్సిన పని లేదు. ఒక మాట మాత్రం ముందే చెప్త, నన్ను అడిగేటోళ్ళందరు "ఈ బండి గుంజుతదా" అనే అడుగుతరు, "ఆపుతదా" అని అడిగినోళ్ళు నాకు చాల తక్కువ మంది తగిలిన్రు.

## బండి చూసే ముందు: బరువు లెక్క

అన్నా, నా మిషన్ బరువు ఎంతో నాకు తెల్వదు, ఎట్ల తెల్సుకోవాలె?

మిషన్ మీద ఒక రేకు ప్లేటు ఉంటది, దాని మీద బరువు రాసి ఉంటది, కానీ అది కొత్తగా కంపెనీ నుంచి వచ్చినప్పటి బరువు. మోటుగ చెప్పాలంటే 3డీఎక్స్ జేసీబీ ఏడున్నర టన్నులు, 70 మోడల్ చిన్న పొక్లెయిన్ 7 టన్నులు, 110 అయితే 11, 200 అయితే 20 నుంచి 21, మట్టి తొక్కే వైబ్రేటర్ రోలర్ 11 టన్నుల దగ్గర, టైర్ల బదులు చైన్ పట్టాల మీద నడిచే కోత మిషన్, అదే చైన్ హార్వెస్టర్, 3 టన్నుల పైన. వీటికి బండలు పగలగొట్టే బ్రేకర్ తగిలిస్తే, బకెట్ పెద్దది పెడితే, డీజిల్ నిండ పోస్తే, చైన్ల నల్లరేగడి ఇరుక్కుంటే బరువు పెరుగుతనే ఉంటది. మా 200 మిషన్‌ని బ్రేకర్‌తోటి, విప్పిన బకెట్ లోబెడ్ (మిషన్లు మోసే, కిందికి ఉండే పెద్ద ట్రైలర్) మీదనే ఏసి చెరువులకెల్లి నేరుగ కాంటా మీదికి తోలితే మేం అనుకున్నదానికన్న రెండున్నర టన్నులు ఎక్కువ చూపించింది. కాబట్టి ఒక్కసారి లోడ్‌తోని కాంటా పెట్టించుకోండి, ఆ చీటీ ఫొటో తీసి ఫోన్ల పెట్టుకోండి, అయ్యే ఖర్చు ఒక టీ టిఫిన్ పైసలంత.

మిషన్ 20 టన్నులు, బండి 40 టన్నులది, సగమే కదా, సరిపోతది కదా?

సరిపోదు, ఎందుకంటే ఆ 40 టన్నులు అంటే బండి గుంజే సామాను ఒక్కటే కాదు, బండి బరువు, ట్రైలర్ బరువు, మిషన్ బరువు అన్నీ కలిపి. పుల్లర్, అంటే ట్రైలర్‌ను గుంజే ముందు బండి, 8–9 టన్నులు ఉంటది, లోబెడ్ ఉత్తదే 10–12 టన్నులు, మిషన్ 21, బ్రేకర్ సామాను ఒక రెండు టన్నులు, కూడితే 41 నుంచి 44. అంటే 40 టన్నుల బండి మీద ఎక్కించే ముందే లెక్క దాటిపోయింది.

బండి పేరు మీద 4018, 5525, 5530 అని ఉంటయి, అవేంది?

చాలా కంపెనీల బండ్లకు మొదటి రెండంకెలు మొత్తం బరువు టన్నుల్ల, తర్వాతి రెండు ఇంజన్ పవర్, పదితోని గుణించుకోవాలె. 5530 అంటే 55 టన్నులు, 300 హెచ్‌పీ. 4018 అంటే 40 టన్నుల లోపు, 180 పైచిలుకు హెచ్‌పీ. పేరు చూసి అంచనా వేసుకోండి గాని నమ్మాల్సింది మాత్రం ఆర్సీల రాసిన బరువునే.

ఆ 39.5, 45.5, 55 టన్నుల లెక్క ఎక్కడిది?

2018 జులైల కేంద్రం ఒక్కో యాక్సిల్ (ఇరుసు) మీద వేయొచ్చే బరువులు పెంచింది. ముందు యాక్సిల్‌కి 7, నాలుగు టైర్ల ఒక్క యాక్సిల్‌కి 11.5, ఎనిమిది టైర్ల జంట యాక్సిల్‌కి 21, మూడు యాక్సిళ్ళ సెట్టుకు 27 టన్నులు. ఇప్పుడు మీరే కూడుకోండి: వెనక ఒక్క యాక్సిల్ ఉన్న పుల్లర్‌కి రెండు యాక్సిళ్ళ ట్రైలర్ తగిలిస్తే 7, 11.5, 21 కలిపి 39.5. అదే పుల్లర్‌కి మూడు యాక్సిళ్ళ ట్రైలర్ అయితే 45.5. వెనక జంట యాక్సిల్ ఉన్న పుల్లర్, మూడు యాక్సిళ్ళ ట్రైలర్ అయితే 55. మొత్తం లెక్కల సరిపోయినా సరే ఒక్క యాక్సిల్ మీద ఎక్కువ పడితే అది ఓవర్‌లోడే, టైర్ పేలేది కూడా అక్కడనే.

## ట్రాక్టర్ ఉన్నోళ్ళు అడిగేవి

నా దగ్గర 50 హెచ్‌పీ ట్రాక్టర్ ఉంది, ట్రాలీ మీద చిన్న పొక్లెయిన్ ఏసుకొని పోవచ్చా? ఊర్ల అందరు పోతున్నరు కదా

వద్దు. ఇది నేను చేసి చూసిన పని కాబట్టి గట్టిగ చెప్తున్న.

2013ల పరకాల దిక్కు ఒక కుంట పని అయినంక, లోబెడ్ దొరకలేదని ఒక ట్రాక్టర్ మాట్లాడి 70 మిషన్‌ని ట్రాలీ మీద ఎక్కించిన. సాఫ్ రోడ్డు మీద బాగనే పోయింది, ఆ ట్రాక్టర్ గుంజుడుల ఏం తక్కువ చేయలేదు. కాలువ వంతెన దాటి దిగుడు మొదలైంది, డ్రైవర్ బ్రేక్ తొక్కిండు. ట్రాక్టర్‌కు కుడి ఎడమ రెండు బ్రేక్ పెడళ్ళు ఉంటయి కదా, పొలంల తిప్పడానికి విడివిడిగ ఉంచుతరు, రోడ్డెక్కినప్పుడు మధ్యల కొక్కెం వేసి రెండు ఒక్కటి చేయాలె. ఆ కొక్కెం వేయలేదు, నేను చూడలేదు. ఒక్క పక్క చక్రమే పట్టింది, రోడ్డు మీద నల్లగ ఒక్కటే గీత పడ్డది, వెనక నుంచి తొమ్మిది టన్నులు నెడుతుంటే ట్రాక్టర్ అడ్డం తిరిగింది, ముందు చక్రాలు జానెడు పైకి లేసినయి, ట్రాలీ మడతపడి కట్ట మీదికి పోయి ఆగింది. ఒక్క నిమిషం ముందే ఒకాయన భార్యాపిల్లలతోని బండి మీద మమ్ములను దాటి పోయిండు. ఎవరికి ఏం కాలేదు గాని ఆ గీత నాకు ఇప్పటికీ కండ్లల్ల ఉంది.

50 హెచ్‌పీ ట్రాక్టర్ బరువు దగ్గర దగ్గర 2 టన్నులు. ట్రాలీకి బ్రేకులు ఉండవు, మొత్తం బరువును ఆ రెండు టన్నుల బండి రెండు వెనక చక్రాలే ఆపాలె. లోగేర్ల ఏదైనా గుంజుతది, అందుకే మోసపోతం.

మరి చైన్ హార్వెస్టర్‌ని ట్రాక్టర్ ట్రాలీ మీద తీస్కపోవచ్చా?

కోతల కాలంల అందరు చేస్తున్నదే. 3 టన్నుల పైన మిషన్, టన్నున్నర రెండు టన్నుల ట్రాలీ, ఊరు నుంచి పక్కూరికి సాఫ్ రోడ్డు మీద, గంటకు 20 దాటకుండ అయితే 50 హెచ్‌పీ ట్రాక్టర్ తట్టుకుంటది, అదిగూడ కంపెనీ పుస్తకంల ఆ ట్రాక్టర్‌కు రాసిన ట్రాలీ బరువు లోపల ఉంటేనే. నాలుగు టైర్ల ట్రాలీ మేలు. రెండు టైర్ల ట్రాలీ అయితే మిషన్‌ని మరీ వెనకకు పెడితే ట్రాక్టర్‌కు తగిలించే కొండి పైకి లేస్తది, మరీ ముందుకు పెడితే ట్రాక్టర్ వెనక కుంగి ముందు చక్రాలు తేలికైతయి, స్టీరింగ్ తిప్పినా తిరగదు. పిన్నుకు క్లిప్పు తప్పకుండ పెట్టండి, మేకు వంచి పెట్టుడు బంద్ చేయండి. జిల్లాలు దాటి, కరీంనగర్ దిక్కు నుంచి ఖమ్మం దిక్కు పోవాలంటే మాత్రం డీసీఎం గాని లారీ గాని మాట్లాడుకోండి, మిషన్ బండి పైనే ఉంటది, గుంజుడు బాధ లేదు.

దిగుడుల డీజిల్ మిగులుతదని న్యూట్రల్ చేస్తరు, చేయొచ్చా?

అస్సలు చేయొద్దు. గేర్ల ఉంటే ఇంజనే సగం బ్రేక్ పని చేస్తది. న్యూట్రల్ చేసినా, క్లచ్ తొక్కి పట్టినా ఆ సగం పోతది, వేగం పెరిగినంక మళ్ళ గేర్ పడదు. ఎక్కేటప్పుడు ఏ గేర్ల ఎక్కుతరో దిగేటప్పుడు గూడ అదే గేర్ పెట్టుకోండి.

కాంక్రీట్ మిల్లర్‌ని ఆటో వెనక, చిన్న ట్రాలీ బండి వెనక కట్టుకొని పోతే ఏమైతది?

తాడుతోనో సంకెళ్ళతోనో కట్టి గుంజితే మిల్లర్ అటు ఇటు ఊగుతది, బ్రేక్ వేస్తే వచ్చి గుద్దుతది. మిల్లర్ చక్రాలు సైట్ల మీద తిప్పడానికి చేసినయి, 40 వేగంల పోవడానికి కాదు. ట్రాక్టర్‌కు కొండి పెట్టి నిదానంగ తీస్కపోండి, లేకుంటె ఎత్తి బండిల వేయండి.

## పెద్ద మిషన్లకు పుల్లర్ చూసుకునేటప్పుడు

200 పొక్లెయిన్ తిప్పడానికి ఎంత హెచ్‌పీ కావాలె?

చిన్న లెక్క చెప్త. మొత్తం 40 టన్నుల బండి, 20 మీటర్లు పోతే ఒక మీటర్ ఎక్కే ఎత్తు, గంటకు 20 కిలోమీటర్ల వేగం. దీనికే చక్రాల దగ్గర 175 హెచ్‌పీ కావాలె, గేర్‌బాక్సుల, క్రౌన్‌ల (వెనక యాక్సిల్ గేర్లల్ల) పోయేది కలుపుకుంటె ఇంజన్ నుంచి 200 దగ్గర. అంటే 180 బండి అదే ఎత్తు ఇంకా మెల్లగ, నిండుగ వేడెక్కుకుంట ఎక్కుతది. అందుకే 200 మిషన్‌కు 250 నుంచి 300 హెచ్‌పీ బండి చూసుకోమంట. నిర్మల్ దాటినంక ఘాట్ల, ఆదిలాబాద్ దిక్కు పనులు పట్టేటోళ్ళయితే 300 లోపు ఆలోచన పెట్టుకోవద్దు.

హెచ్‌పీ కాకుండ ఇంకేం చూడాలె?

హెచ్‌పీ కంటె ముందు చూడాల్సినయి ఉన్నయి. ఎగ్జాస్ట్ బ్రేక్ (పొగ గొట్టం మూసి ఇంజన్‌తోనే వేగం తగ్గించేది) పని చేస్తందా లేదా, ఇంజన్ బ్రేక్ ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే పొడుగు దిగుడుల కాలు బ్రేక్ ఒక్కటే వాడితే లైనర్లు కాలి వాసన వస్తది, ఆ తర్వాత పెడల్ తొక్కినా పట్టదు. బ్రేక్ తొక్కితే చక్రాలు లాక్ అయ్యి జారకుండ చూసే ఏబీఎస్ ఉందా, ట్రైలర్‌కు గూడ ఉందా చూడండి. తర్వాత ఐదో చక్రం, అదే ట్రైలర్ కూర్చునే ప్లేటు, దానికి కింగ్‌పిన్ (ట్రైలర్ కింద ఉండి ఆ ప్లేటుల ఇరికే ఇనుప పిన్ను) సైజు కలవాలె. రెండంగుళాలది ఉంటది, మూడున్నర అంగుళాలది ఉంటది, ఒకదాని ట్రైలర్ ఇంకోదాని బండికి పట్టదు. బండి కొని ట్రైలర్ కిరాయికి తెచ్చుకుందాం అనుకునేటోళ్ళు అక్కడనే దెబ్బ తింటరు.

ఇంకోటి, బండి మరీ తేలికైంది అయినా కష్టమే. తేలిక బండి వెనక బరువు ట్రైలర్ అంటే మూలమలుపుల బ్రేక్ వేసినప్పుడు వెనకది ముందుదాన్ని నెట్టి మడత పెట్టేస్తది.

వెనక ఒక్క యాక్సిల్ చాలా, జంట యాక్సిల్ కావాలా?

మీ పని రోడ్డు మీదనా, చెరువులనా అన్నదాన్ని బట్టి. 2015ల చెరువుల పూడిక తీసే సర్కారు పథకం మిషన్ కాకతీయ మొదలైనంక మా దిక్కు లోబెడ్లన్ని చెరువు కట్టల చుట్టే తిరిగినయి, నల్లరేగడి జర తడిసిందంటె ఒక్క యాక్సిల్ బండి అక్కడనే చక్రం తిప్పుకుంట కూసునేది, అదే మిషన్ దిగొచ్చి దాన్ని నెట్టాల్సి వచ్చేది. చెరువులు, కాలువలు, భూపాలపల్లి ఓపెన్‌కాస్టు బొగ్గు గని పనులు ఉన్నోళ్ళు రెండు వెనక యాక్సిళ్ళూ గుంజే బండే తీసుకోండి, రెండోది ఉత్తగ దొర్లే బండి వద్దు. తారు రోడ్డు మీద రోలర్లు, 110 మిషన్లు తిప్పేటోళ్ళకు ఒక్క యాక్సిల్ చాలు, టైర్ల ఖర్చు గూడ తక్కువ.

జేసీబీకి గూడ లోబెడ్ కావాలా?

టైర్ల జేసీబీ సొంతంగ రోడ్డు మీద నడుస్తది, 20–30 కిలోమీటర్లకు లోబెడ్ దండగ. అంతకన్న దూరం అయితే టైర్లు అరుగుడు, రోజంత పోవుడు లెక్కేసుకోండి. చైన్ మిషన్లు, రోలర్లకే లోబెడ్ తప్పది.

సెకండ్ హ్యాండ్ పుల్లర్ చూస్తున్న, ఏడ చూడాలె?

రంగు చూడకండి, కిందికి దూరండి. ఛాసిస్ మీద, ఐదో చక్రం బిగించిన కాడ వెల్డింగ్ అతుకులు ఉన్నయంటె ఆ బండి ఓవర్‌లోడ్ మోసిందని అర్థం, వదిలేయండి. ట్రైలర్ తగిలించి ముందుకు వెనకకు కదిలిస్తే టక్కు టక్కుమని చప్పుడు వస్తే ఐదో చక్రంల కింగ్‌పిన్‌ను పట్టే దవడ అరిగింది. గాలి నింపి ఇంజన్ బంద్ చేసి ఒక పది నిమిషాలు గేజ్ చూడండి, ముల్లు దిగుతంటె ఎక్కడ్నో లీకు ఉన్నట్టు. కొనేటప్పుడు మీ మెకానిక్‌ను మీరే తీస్కపోండి, అమ్మేటాయన మెకానిక్ మాట వినకండి. ట్రయల్‌కు ఉత్త బండి కాదు, లోడ్ బండి అడగండి.

## ఎక్కించి కట్టేటప్పుడు

మిషన్ ఎక్కుతుంటె బండే ముందుకు జరిగింది, హ్యాండ్ బ్రేక్ వేసే ఉంది కదా, ఎందుకట్ల?

20 టన్నుల మిషన్ వెనక ర్యాంపు ఎక్కంగనే ట్రైలర్ తోక కుంగుతది, త్రాసు లెక్క ముందు భాగం లేస్తది. పుల్లర్ వెనక చక్రాల మీద బరువు తగ్గిపోతది, హ్యాండ్ బ్రేక్ పట్టేది ఆ చక్రాలనే కాబట్టి రోడ్డు మీద పట్టు ఉండదు. అందుకే తోక కింద స్టాండ్లు దించాలె, లేకుంటె దుంగలు పెట్టాలె, పుల్లర్ చక్రాలకు ముందు వెనక రాళ్ళు పెట్టాలె, చదును జాగ చూసుకోవాలె. వాన పడితే ఇనుప చైన్ ఇనుప ర్యాంపు మీద సబ్బు లెక్క జారుతది, ర్యాంపు మీద చెక్కలో మట్టి గోనె సంచులో పరిచి ఎక్కించండి. ఆపరేటర్ తప్ప ఆ చుట్టుపక్కల ఎవరు నిలబడొద్దు, ముఖ్యంగ పక్కల నిలబడి చేతులూపేటోళ్ళు.

మిషన్ ట్రైలర్ మీద ఏడ నిలబెట్టాలె?

పుల్లర్‌కు తగిలిన లోబెడ్ అయితే బరువు కొంత ఐదో చక్రం మీదికి, మిగతది వెనక యాక్సిళ్ళ మీదికి రావాలె, పూర్తిగ తోక మీద పెట్టొద్దు. జీపుకో పికప్‌కో కట్టే చిన్న ట్రైలర్ అయితే మొత్తం బరువుల 10 నుంచి 15 శాతం కొండి మీద పడాలె, అంతకన్న తక్కువుంటె 50 వేగం దాటంగనే వెనకది పాము లెక్క ఊగుతది. ఒక్కసారి సరైన జాగ దొరికినంక ఆ లోబెడ్ మీద పెయింట్‌తోని గీత కొట్టుకోండి, మేమట్లనే కొట్టుకున్నం, రాత్రి ఎక్కించినా గీత మీదికి తెచ్చి ఆపుడే.

మిషన్ బరువుకే కదలదు, సంకెళ్ళు ఎందుకు?

బ్రేక్ వేసినప్పుడు బండి ఆగుతది, మిషన్ ఆగదు. నాలుగు మూలలకు నాలుగు సంకెళ్ళు, బైండర్‌తోని బిగించి, బకెట్ కిందికి దించి ఆనించి, దానికి గూడ ఒకటి. పైభాగం తిరగకుండ లాక్ పిన్ వేయండి. తాళ్ళు, వైర్ రోపు ముక్కలు వద్దు. పది కిలోమీటర్లు పోయినంక ఒకసారి దిగి చూడండి, మొదటి పదిల్లనే వదులైతయి.

ట్రైలర్ తగిలిందని ఎట్ల నమ్మాలె?

టార్చ్ పట్టుకొని కిందికి వంగి కింగ్‌పిన్ చుట్టు దవడ మూసుకుందా కండ్లతోని చూడాలె. తర్వాత ట్రైలర్ బ్రేక్ వేసి ఉంచి చిన్న గేర్ల మెల్లగ ముందుకు గుంజాలె, విడిపోకుంటె సరే. గాలి పైపులు రెండు: ఎర్రది ట్రైలర్‌కు గాలి నింపేది, పసుపుది మీరు తొక్కినప్పుడు బ్రేక్ పట్టించేది. ఎర్ర పైపు ఊడితే ట్రైలర్ బ్రేకులు వాటంతటవే పడుతయి, అది మంచికే. బ్రేక్ పడుతున్నయని కొందరు బైపాస్ చేసి తోలుతరు, అట్ల చేసిన బండి మీద నా మిషన్ ఎక్కనియ్య, పని పోయినా సరే.

## రోడ్డు మీద

లోడ్‌తోని ఎంత స్పీడ్ పోవచ్చు?

మా డ్రైవర్లకు 40 చెప్తం. 40 నుంచి 60కి పోతే వేగం సగమే పెరిగినట్టు కనపడతది గాని ఆపాల్సిన శక్తి రెండుంపావు రెట్లు అయితది. ఎండాకాలం రామగుండం దిక్కు మధ్యాహ్నం అసలు తోలకండి, తారు మీద టైర్ వేడికి పేలుతది. పొద్దుగాల నాలుగు నుంచి తొమ్మిది మంచి టైము.

రూటు ముందే చూడాలా?

తప్పకుండ. బైక్ మీద ఒకరిని ముందు పంపండి. కాజీపేట చుట్టుపక్కల రైల్వే లైన్ల కింద తక్కువ ఎత్తు దారులు ఉంటయి, ఎత్తు బోర్డు చూడాలె, మిషన్ ఎక్కించినంక నేల నుంచి పైదాకా టేపుతోని కొలిచి ఆ అంకె క్యాబిన్ల చాక్‌పీసుతోని రాసి పెట్టండి. ఊర్ల కరెంటు తీగలు కిందికి వేలాడుతుంటయి, కట్టెతోని లేపుడు వద్దు, లైన్‌మన్‌కు చెప్పి సప్లై బంద్ చేయించండి. కాకతీయ కాలువ మీద పాత చిన్న వంతెనలు 40 టన్నులకు కట్టినయి కావు, చుట్టు తిరిగి పోండి. మేడారం జాతర రోజుల్ల ములుగు రోడ్డు దిక్కు లోబెడ్ తోలే ఆలోచన పెట్టుకోవద్దు.

రాత్రి ట్రాలీ ఆగిపోతే ఏం చేయాలె?

కోతల కాలంల మన దిక్కు మస్తు ప్రాణాలు పోయేది ఇక్కడనే. లైట్ లేని ట్రాలీ రోడ్డు మీద ఆగి ఉంటది, ఎదురుంగ లారీ లైట్ కండ్లల్ల కొడ్తది, బైక్ మీద వచ్చే పిలగాడికి ఏం కనపడది. వెనక ఎర్ర రేడియం స్టిక్కర్ రెండు మూలలకు కొట్టండి, వంద రూపాయల పని. ఆగిపోతే ట్రాలీ వెనక దూరంగ త్రికోణం పెట్టండి, అది లేకుంటె చెట్టు కొమ్మలు, ఒక మనిషిని టార్చ్‌తోని నిలబెట్టండి. రోడ్డు దించగలిగితే ముందు దించండి, రిపేర్ తర్వాత.

## కాయితాలు

లైసెన్స్ ఏది కావాలె?

ఏడున్నర టన్నుల లోపు బండ్లకు ఎల్ఎంవీ (లైట్ మోటార్ వెహికిల్) లైసెన్స్ చాలు, 2024 నవంబర్ల సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచ్ గూడ ఆ లోపు ట్రాన్స్‌పోర్ట్ బండ్లకు అదే సరిపోతదని చెప్పింది. పుల్లర్ లోబెడ్‌కు మాత్రం హెవీ లైసెన్స్ తప్పకుండ కావాలె. "క్లీనర్ తోలుతడు తియ్" అని ఇయ్యకండి.

ట్రాలీకి వేరే నంబర్, ఇన్సూరెన్స్ కావాలా?

కావాలె. ట్రైలర్ వేరే బండి కిందనే లెక్క, దానికి రిజిస్ట్రేషన్ వేరే, ఇన్సూరెన్స్ పాలసీల ట్రైలర్ రాయించాలె. వ్యవసాయం కింద రిజిస్టరైన ట్రాక్టర్‌ని మిషన్ల కిరాయికి తిప్పితే, యాక్సిడెంట్ అయిన్నాడు పైసలు ఇయ్యమని కంపెనీ మొండికేస్తది, అప్పుడు ఇల్లు పొలం అమ్మి కట్టాల్సి వస్తది.

ఓవర్‌లోడ్ పట్టుకుంటె ఎంత?

2019ల మార్చిన మోటారు వాహనాల చట్టం 194 సెక్షన్ ప్రకారం 20,000 రూపాయలు, దాని పైన ఎక్కువున్న ప్రతి టన్నుకు 2,000, ఎక్కువున్న సామాను అక్కడనే దించే ఖర్చు గూడ మీదే. కాంటా వేయించుకోను అంటె 40,000. మిషన్‌ని సగం కోసి దించలేం కదా, అంటే బండి అక్కడనే నిలబడుతది, ఇంకో పెద్ద లోబెడ్ వచ్చేదాకా కిరాయి మీటర్ తిరుగుతనే ఉంటది.

మిషన్ లోబెడ్ కన్న వెడల్పు ఉంది, పర్మిషన్ కావాలా?

రోడ్డు మీద బండి వెడల్పు 2.6 మీటర్లు దాటొద్దు. 200 మిషన్ల చైన్ వెడల్పు చాలావాటికి 2.8 మీటర్ల దగ్గర ఉంటది, కాబట్టి అది దాటినట్టే, ముందే పర్మిషన్ తీసుకొని పోవాలె. రెండు పక్కల ఎర్ర జెండాలు, రాత్రి అయితే లైట్లు, ముందు ఒక బండి. మీది ఏ మోడలో, చైన్ నుంచి చైన్‌కు టేపు పెడితే ఎంత వచ్చిందో రాసుకొని ఫోన్ చేయండి, ఏ లోబెడ్ సరిపోతదో చెప్త.